పంపుహౌసు రిజిస్టరులో దుర్గాబాయి

మొగుడి పేరు నోటితో అనకూడదన్న పట్టింపు ఉన్న ఆడవాళ్లను మా తణుకు వైపూ చూశాను, ఇక్కడ మేడ్చల్ వైపూ చూశాను. కానీ నోటితో అనని ఆ పేరునే ఎనిమిదేళ్లపాటు రోజుకు రెండుసార్లు తన చేత్తో రాసిన మనిషి నాకు తెలిసి దుర్గాబాయి ఒక్కతే. ఆవిడ చేత ఆ పేరు రాయించినవాణ్ణి నేను. కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

మా కాలనీ మేడ్చల్ నుంచి గౌడవెల్లి వెళ్లే దారిలో ఉంది. తొంభై అయిదులో మేం ఇల్లు కట్టుకునేనాటికి అరవై ఇళ్లకు మించి లేవు. రెండు బోర్లు, ఒక సంపు, దాని పక్కన ఎత్తయిన ట్యాంకు, ట్యాంకు కింద పంపుహౌసు. నేను మందుల కంపెనీలో స్టోర్స్ ఆఫీసర్ని. కాలనీ నీళ్ల కమిటీకి కార్యదర్శిగా నన్ను ఎన్నుకున్నారని గొప్పగా చెప్పుకుంటాను గానీ, నిజానికి ఆ రోజు మీటింగుకు ఆలస్యంగా వెళ్లాను, వెళ్లేసరికి మిగతా పదవులన్నీ అయిపోయాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అమ్మడు అంటుంది. నీళ్ల కమిటీకి అలాంటివాడే కావాలని నేనంటాను.

మొదట్లో పంపు ఆపరేటరు గౌడవెల్లి ముత్తయ్య. తొంభై ఏడు వానాకాలంలో ట్యాంకు నిచ్చెన మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు నీళ్లు ఎవరు వదులుతారా అని నేను తిట్టుకుంటూ పంపుహౌసుకు వెళ్లేసరికి మోటారు నడుస్తోంది. నడుముకు తాళాల గుత్తి దోపుకుని ముత్తయ్య భార్య దుర్గాబాయి గుమ్మంలో నిలబడి ఉంది. భర్తకు నయమయ్యేదాకా తాను చూస్తానంది. ఇన్నాళ్లూ ఆయనకు సద్ది తెచ్చిపెడుతూ చూసి నేర్చుకుందట.

సరేనన్నాను. ఒక్కటే చిక్కు. కమిటీ తీర్మానంలో ఉన్న పేరు ముత్తయ్య. రిజిస్టరులో సంతకం అదే ఉండాలి. నేను రూలు మనిషిని. పాత కవరు వెనక పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసిచ్చి, రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే రాయమన్నాను. అప్పటిదాకా అక్షరం ముక్క రాని మనిషి వారంలో నేర్చేసుకుంది. కవరు మీద ఏముందో చదవమంటే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ముత్తయ్య కర్ర సాయంతో నడిచేవరకూ వచ్చాడు గానీ ట్యాంకు ఎక్కలేకపోయాడు. ఇంటి దగ్గర రెండు బర్రెలను చూసుకుంటూ ఉండిపోయాడు. నయమయ్యేదాకా అన్న ఏర్పాటు అలాగే సాగిపోయింది.

ఆ రోజుల్లో పనంతా చేతి మీదే. ముక్కుకు గుడ్డ కట్టుకుని బకెట్టులో బ్లీచింగు పొడి కలిపేది. పిండి అడుక్కు దిగాక పైన తేరిన నీటిని సంపులో పోసేది. అరగంట ఆగి, చేతివేలంత గాజుగొట్టం, మందు సీసా పట్టుకుని కాలనీ చివరి ఇంటికి నడిచేది. ఆ ఇంటి కొళాయి నీళ్లు గొట్టంలో పట్టి, నాలుగైదు చుక్కల మందు వేస్తే, నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లేత పసుపైతే మంచిది. ముదురైతే ఎక్కువైనట్టు. రంగే రాకపోతే ఆ నీళ్లు తాగకూడదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గొట్టాన్ని దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఎత్తి చూపించేది. ఆడవాళ్లు వంటింటి కిటికీలోంచే చూసి తలూపేవాళ్లు. కాలనీలో అంతమంది ఒప్పుకునే విషయం అదొక్కటే ఉండేది.

మా ఇంట్లో కాఫీ దగ్గర తగాదా వచ్చేది. డికాక్షన్‌లో బ్లీచింగు వాసన వస్తే అమ్మడు గ్లాసు తెచ్చి నా పేపరు మీద పెట్టేది. నేను ఊగిపోతూ పంపుహౌసుకు వెళ్లేవాణ్ణి. దుర్గాబాయి నన్ను దూరం నుంచే చూసి, ఇవాళ ఒక చారెడు ఎక్కువ పడిందని తానే ముందు ఒప్పేసుకునేది. తప్పు ఒప్పుకున్న మనిషిని ఎలా తిట్టాలో నాకు ఇప్పటికీ తెలీదు.

రెండువేల నాలుగు నాటికి ఇళ్లు మూడువందలు దాటాయి. బోర్లు అయిదయ్యాయి. వేసవిలో ట్యాంకర్లు. ఏ పూట ఎంత నీరు వస్తుందో తెలియనప్పుడు చారెళ్ల లెక్క ఎక్కడ కుదురుతుంది? ఒకరోజు ఈత కొలను వాసన, మర్నాడు ఏ వాసనా లేదు. మా కంపెనీ నీటి ప్లాంటులో క్లోరిన్ కొలిచే సెన్సరు ఉండేది. నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలిందో క్షణక్షణం చూసి అంకె చెబుతుంది, తగ్గితే మందు పంపుకు చెప్పి వేయిస్తుంది, సరిపోతే ఆపిస్తుంది. అలాంటిది మనమూ పెట్టుకుందామని మూడు మీటింగుల్లో గొంతు చించుకుని చివరికి ఒప్పించాను.

దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు శృతి అనే అమ్మాయి. బోయిన్‌పల్లి నుంచి స్కూటీ మీద వచ్చింది. గోడకు తెల్ల పెట్టె, దాని ముఖాన ఎర్ర అంకెలు. పక్కనే గాజు గిన్నెలో ఎప్పుడూ నీళ్లు పారుతుంటాయి. ఆ పారే నీళ్లలో బొటనవేలంత సెన్సరు మునిగి ఉంటుంది. దాని కొసన ఉల్లిపొర కంటే పల్చటి పొర, పొర వెనక బంగారు చుక్క. దుర్గాబాయి చాలాసేపు వంగి చూసింది.

“గిది నాలిక లెక్కనా అమ్మా?” అని అడిగింది.

నాలుకేనని శృతి నవ్వింది. అందుకే వేలు పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు, ఏమైనా పేరుకుంటే మంచినీళ్ల ధార కింద పట్టాలి, అంతే. తీసి మళ్లీ పెడితే రెండు గంటలు ఆగాకే అంకెను నమ్మాలి. వారానికోసారి సెన్సరు నిజం చెబుతోందో లేదో గాజుగొట్టం నీళ్లలో మందు బిళ్ల వేసి సరిచూడాలి. ఈసారి బిళ్ల గులాబి రంగునిస్తుంది. ఇన్నేళ్లూ పసుపు చూశాం, ఇగ కుంకుమ చూస్తమని దుర్గాబాయి మస్తు సంబరపడింది.

నేను ఊరికే పొగడను. ఆ సెన్సరును ఆవిడ చూసుకున్నట్టు మా కంపెనీలో డిప్లొమా చదివినవాళ్లు కూడా చూసుకోలేదు. గాజు గిన్నెలో పారే నీటి ధార సన్నబడితే చప్పుడు బట్టి కనిపెట్టేది. కొసన ఉండే పొర టోపీ మార్చేటప్పుడు లోపల ద్రవం గాలి బుడగ లేకుండా నింపాలి. ఆ పనికి నాకు మూడుసార్లు పట్టేది, నాలుగోసారి విసుగొచ్చి మానేసేవాణ్ణి. ఆవిడ టోపీని ఏటవాలుగా పట్టి, గోటితో రెండు దెబ్బలు వేసి, ఒక్కసారికే బిగించేది. శృతి మిగతా చోట్ల ఆపరేటర్లకు ఫోనులో ఆవిడ పద్ధతే చెప్పేదట.

మూడు నెలలయ్యాక శృతి ఒక కాగితం తెచ్చింది. కంపెనీ ముద్రతో, సెన్సరు వాడకంలోనూ నిర్వహణలోనూ శిక్షణ పొందినట్టు పత్రం. పేరు రాసేచోట ఖాళీ ఉంది. పేరు చెప్పమని నన్నడిగింది. నేను ముత్తయ్య అన్నాను. ఆ అమ్మాయి కలం ఆపి, తాను నేర్పింది అక్కకు కదా అంది. రిజిస్టరులో ఉన్న పేరే ఉండాలని నేను రూలు చదివాను. పత్రం ముత్తయ్య పేరు మీద ఫ్రేము కట్టి గోడకెక్కింది.

వారం తర్వాత దుర్గాబాయి ఆ ఫ్రేము దుమ్ము తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది. “సారూ, గా కాయితం మీద నా పేరుంటే మంచిగుంటుండె.”

చూద్దామన్నాను. తర్వాత ఏడాదిలో ఆవిడ రెండుసార్లు అడిగింది, నేను రెండుసార్లూ చూద్దామనే అన్నాను. నా భయం నాకుంది. పేరు మార్చాలంటే జనరల్ బాడీలో పెట్టాలి. పెడితే బుల్లిబాబు గారు లేస్తారు. ఆయనది మా జిల్లాయే, రిటైరైన హెడ్‌మాస్టరు, పంపుహౌసును ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించాలని మొదటినుంచీ ఆయన వాదన. ఉన్న పని కూడా పోతుందేమోనని ఆవిడతో చెప్పేశాను. ఆవిడ, పని పోతే మాత్రం తట్టుకోలేను, అట్లయితే వద్దులే సారు అంది. కానీ ఫ్రేము తుడవడం మానలేదు.

రెండువేల అయిదు దసరా వచ్చింది. పండగ ముందురోజు ఆయుధపూజ. మోటార్లు, పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి బొట్లు పెట్టాలి. పొద్దున ఆఫీసుకు వెళ్తూ పంపుహౌసులో తల దూర్చి, ఒక్క వస్తువు కూడా మిగలకూడదు, అన్నీ తళతళలాడిపోవాలి అని ఆర్డరు వేశాను. కార్యదర్శి అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. దుర్గాబాయి చింతపండూ బూడిదా తెచ్చి ఇత్తడి వాల్వులు తోమింది. తాళాలు తోమింది. పూజ గంట తోమింది. ఆ ఊపులో, గాజు గిన్నెలోంచి సెన్సరు తీసి, దాన్నీ తోమింది. పసుపు రాసి కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, మళ్లీ గిన్నెలో ఉంచింది. అప్పుడు అంకె ఎప్పటిలాగే, ఉండాల్సిన పాయింట్ నాలుగు చూపించిందట. గౌడవెల్లిలో పండగ పనులున్నాయని, మర్నాడు పొద్దుటి నీళ్లకు వాల్వు తెరిచే ఉంచి, రెండు గంటలు ఆగకుండా వెళ్లిపోయింది.

పొర చిరిగింది. సెన్సరు నాలుక మొద్దుబారింది. నీళ్లలో క్లోరిన్ ఎంతున్నా లేదు లేదు అంటోంది. లేదంటే మందు పంపు ఊరుకుంటుందా? వేస్తూ పోయింది.

పండగ పొద్దున తలంట్లకు కొళాయిలు తిప్పగానే కాలనీ అంతా గుప్పుమంది. మొదట మా ఇంటికి వచ్చింది బుల్లిబాబు గారు, తడితలతో, కళ్లు ఎర్రగా చేసుకుని. వెనక ఇంకో పదిమంది. నేను పంపుహౌసుకు పరుగెత్తి అంకె చూశాను. సున్నా పాయింట్ సున్నా. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మూడు మీటింగుల్లో పోట్లాడి తెచ్చిన యంత్రం అబద్ధమాడుతుందా? క్లోరినే లేదు, వాసన మీ భ్రమ అని తేల్చేశాను. బుల్లిబాబు గారు ముక్కు చూపిస్తే, డాక్టరుకు చూపించుకోమన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. పండగపూట క్లోరిన్ లేని నీళ్లు తాగి జనం ఏమైపోతారోనని, మందు పంపు మీద మోతాదు పెంచే మరను చివరికంటా తిప్పేశాను.

పదకొండింటికి మా అమ్మడు పులిహోర తెచ్చి ముందు పెట్టింది. నేను ఒక ముద్ద తిని, బాగుంది అన్నాను. తాను ఒక ముద్ద తిని, లేచి వెళ్లి ఊసేసి వచ్చింది. నాకు నిజంగా ముక్కు పనిచేయడం లేదేమోనని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

పండగని సాయంత్రపు నీళ్లు మధ్యాహ్నమే వదలడానికి దుర్గాబాయి వచ్చింది. కొత్త చీర, తలనిండా బంతిపూలు. గేటు దగ్గరే ఆగి గాలి పీల్చింది. ఒక్క పరుగున లోపలికి వెళ్లింది. నేను అంకె చూపిస్తూ వెనకే వెళ్లాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు. గొట్టంలో నీళ్లు పట్టి బిళ్ల వేసింది. గులాబి రంగు ఒక్కసారి మెరిసి మాయమైపోయింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

“చూశావా, రంగే లేదు” అన్నాను నేను, విజయోత్సాహంతో.

“మస్తు ఎక్కువైతే రంగును గూడ తినేస్తది సారు. శృతమ్మ జెప్పలే?” అని ఆవిడ ఇంకో గొట్టం తీసుకుంది. ఒక వంతు కొళాయి నీళ్లు, తొమ్మిది వంతులు మందు కలవని బోరు నీళ్లు పోసి మళ్లీ బిళ్ల వేసింది. ఈసారి గొట్టం నిండా చిక్కటి కుంకుమ. పదింతలు పల్చన చేస్తేనే అలా ఉంది.

ఆవిడ మందు పంపు ఆపేసింది. గాజు గిన్నెలోంచి సెన్సరు తీసి, చిరిగిన పొర చూసి, అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే కొంగు దోపుకుని పనిలోకి దిగింది. ఇంటింటికీ కబురు పంపింది, ఈ పూట నీళ్లు తాగొద్దని, వండొద్దని. ట్యాంకు అడుగు వాల్వు తిప్పి ఉన్న నీళ్లన్నీ కాలవలోకి వదిలింది. బోర్లు మూడు ఒకేసారి వేసి తాజా నీళ్లు నింపింది. గంటగంటకూ బిళ్ల వేసి, రంగు లేతబడుతుంటే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంది. నాలుగున్నరకు మా కొళాయిలో మామూలు నీళ్లు వచ్చాయి. కొత్త చీర మోకాళ్లదాకా తడిసిపోయింది. పరేషాన్ కాకుండ్రి, ఇగ అందరూ తాగొచ్చు అని చెప్పించి ఇంటికి వెళ్లింది.

చీకటి పడకముందే మళ్లీ వచ్చింది, గుప్పెట్లో జమ్మి ఆకుతో. దసరానాడు జమ్మి చేతిలో పెడితే పాత కోపాలు పోవాలని ఇక్కడి వాళ్ల ఆచారం. నా చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు దండం పెట్టింది. ఆదివారం మీటింగులో తాను చేసింది తానే చెబుతానంది. మర తిప్పిన సంగతి ఆవిడకు తెలుసు. తిరిగి మామూలు గుర్తు దగ్గరకు తెచ్చింది ఆవిడే. దాని ఊసే ఎత్తలేదు.  ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆదివారం ట్యాంకు పక్కన షామియానా కింద మీటింగు. బుల్లిబాబు గారు లేచి రిజిస్టరు తెరిచి చదివారు. ఆయుధపూజ నాటి సంతకం ముత్తయ్య, కాబట్టి ముత్తయ్యను తీసేసి ఏజెన్సీకి ఇవ్వాలన్నారు. చాలామంది తలలూపారు. చివర్న నిలబడ్డ దుర్గాబాయి ముందుకు వచ్చింది. మాట తడబడలేదు.

“గా పేరు మీద తప్పు రాయకుండ్రి సారూ. ఎనిమిదేండ్ల సంది ఆయన గీ గేటు లోపలికి రాలే. తోమింది నేను, ఆగకుండ పోయింది నేను. ముందుగాల రిజిస్టర్ల నా పేరు రాయుండ్రి. రాసినంక తీసెయ్యుండ్రి.”

 ఎనిమిదేళ్లుగా మంచి నీళ్లిచ్చినప్పుడు లేని పేరు, తప్పు మీదైనా ఉండాలని అడుగుతోంది ఆ మనిషి. నేను ఇంక కూర్చోలేకపోయాను. లేచి అన్నీ చెప్పేశాను. అన్నీ తళతళలాడాలన్నది నేను. సున్నా చూసి మర చివరికంటా తిప్పింది నేను. ఆవిడ వల్ల పడ్డదానికి మూడింతలు వేసింది నేనే. ముత్తయ్య పేరు రాయమని కవరు మీద రాసిచ్చిందీ నేనే. శిక్షణ పత్రం మీద ఆవిడ పేరు పడకుండా అడ్డుపడిందీ నేనే. చెబుతుంటే ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. పులిహోర సంగతి అమ్మడు అందించింది. అంతే, షామియానా ఊగిపోయేలా నవ్వారు.

అందరికంటే ఎక్కువసేపు నవ్వింది బుల్లిబాబు గారు. కళ్లు తుడుచుకుని, “నా ముక్కు బాగానే ఉందన్నమాట” అన్నారు. తర్వాత దుర్గాబాయి వైపు తిరిగారు. “ముందు ఈవిడ పేరు రాయండి. తీసేసే సంగతి మనం ఇంకో పదేళ్ల తర్వాత మాట్లాడుకుందాం.” తీర్మానం అక్కడికక్కడే రాశారు. దాని కింద, కార్యదర్శి ఏ మరనూ ముట్టుకోరాదని ఇంకో వాక్యం కూడా ఆయనే చేర్చారు. అదీ ఏకగ్రీవంగానే పాసైంది.

సోమవారం శృతి కొత్త టోపీ తెచ్చింది. దానితో పాటు కొత్త పత్రమూ తెచ్చింది. చిరిగిన పాత టోపీని దుర్గాబాయి పారెయ్యలేదు. మేకుకు వేలాడదీసి, ఇక ప్రతి ఆయుధపూజకూ బొట్టూ పసుపూ దీనికే అంది. ఇప్పటికీ పూజంతా ఆ చచ్చిన టోపీకే, బతికున్నదాని జోలికి ఎవరూ వెళ్లరు.

కొత్త టోపీ పెట్టి రెండు గంటలు ఆగింది. గడియారం చూసుకుంటూ మరీ ఆగింది. బిళ్ల వేసి సరిచూసుకుంది. రిజిస్టరు తెరిచి, అంకె గడిలో 0.4 వేసింది. తన పేరు అక్షరాలు ఆదివారం రాత్రంతా పలక మీద దిద్దిందట, బర్రెలకు గడ్డి వేసే పని ఆయనకు వదిలేసి. కలం పట్టుకుని సంతకం గడిలోకి వచ్చేసరికి, ఎనిమిదేళ్ల అలవాటు, చెయ్యి తనంతట తానే ‘ము’ రాసేసింది. ఆగిపోయి, నాలుక కరుచుకుని, దాన్ని అడ్డంగా కొట్టేసింది.

ఎవరి పేరు కొట్టేశావని ఆటపట్టించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చెప్పలేదు. రిజిస్టరు మీదకు వంగి, ఒక్కొక్క అక్షరానికీ ఆగుతూ, కొట్టేసిన ఆ అక్షరం పక్కనే దుర్గాబాయి అని రాసింది.